ఆరు దాటని రెజిమెంటు

పదిన్నరకు రమ్మంటే మేజరు పదింటికే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పావుగంట ముందు రావడం సైన్యంలో అలవాటు, అరగంట ముందు రావడం భయం. ఈ రెంటికీ తేడా ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో అతనికి బాగానే తెలుసు కానీ ఇవాళ ఒప్పుకోదలచుకోలేదు. ఎదురుగా మ్యాపుల గది తలుపు. నిన్నమొన్నటిదాకా ఆ గదిలో పెద్ద బల్ల మీద సరిహద్దులు పరిచి ఎర్ర పెన్సిళ్ళతో గీతలు గీసేవాళ్ళు, ఇప్పుడు అదే బల్ల మీద మనుషుల ఫైళ్ళు పరిచి గీతలు గీస్తున్నారు. తలుపుకి కొత్తగా ఒక కాగితం అంటించారు, సైన్య పునర్వ్యవస్థీకరణ కమిటీ అని. పునర్వ్యవస్థీకరణట! పెళ్ళి చెడిపోయిందనడానికి నోరు రాక వాయిదా పడిందన్నట్టు. సైన్యాన్ని రద్దు చేస్తున్నారని పాలవాడికి తెలుసు, బస్సు కండక్టరుకి తెలుసు, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఈ దేశానికి సైన్యం ఉండదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. సంధి కుదిరింది, ఇక యుద్ధాలు లేవన్నారు, మంచిదే, యుద్ధం లేకపోతే ఏడ్చేవాడు ఎవడుంటాడు, ఉంటే వాడు మనిషి కాడు, అయినా తను రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ ఏడ్చేవాడి మొహమే ఎందుకు చూస్తున్నాడో మేజరుకి అర్థం కాలేదు. సైన్యం బదులు ఒక చిన్న వరద సహాయ దళం వస్తుందట. అందులో వంతెనలు కట్టే అధికారులకి మూడంటే మూడు ఉద్యోగాలు. మేజరు రెజిమెంటులో ఇరవై ముగ్గురు, రెండో వంతెనల రెజిమెంటులో ఇంకో ఇరవై మంది. మూడు కుర్చీలకి నలభై మూడు పిర్రలని మెస్సులో డాక్టరు హాస్యమాడితే అందరూ నవ్వారు, నవ్వి ఎవరి కంచం వైపు వాళ్ళు చూసుకున్నారు.

ఒళ్ళో ఫైలు, ఫైలులో ఒకే ఒక్క కాగితం, కాగితం నిండా అర్జీ. మూడు వారాలు కూర్చుని రాశాడు. ప్రతి అధికారి గురించీ ఏటా అతని పై అధికారి గుట్టుగా ఒక రిపోర్టు రాసి పదికి ఇన్ని అని మార్కు వేస్తాడు. గడచిన మూడేళ్ళలో కనీసం ఒక్కసారైనా ఏడు దాటినవాళ్ళ పేర్లే చూస్తామని కమిటీ చెప్పింది. రెండో రెజిమెంటులో ఎవడు తుమ్మినా ఎనిమిది, తుమ్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే తొమ్మిది. మేజరు రెజిమెంటులో తొంభై ఏళ్ళుగా ఎవరికీ ఆరు దాటి వేసింది లేదు. మొదటి కమాండరు అన్నాడట, వంతెన నిలబడితే ఆరు, నిలబడకపోతే మార్కు వెయ్యడానికి ఎవరూ మిగలరని. అదే ఆచారమైపోయింది. పది దేవుడికి, తొమ్మిది చచ్చిపోయినవాళ్ళకి, ఎనిమిది రిటైరైనవాళ్ళకి, ఏడు రేపటికి, బతికి పనిచేసేవాడికి ఆరు, అని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మెస్సులో ఎవరో ఒకరు చెబుతూనే ఉండేవారు. ఆ పిసినారితనాన్ని చూసుకుని ఎంత పొగరో! పొగడ్త కావాలంటే పక్క రెజిమెంటుకి పోరా అనేవారు. ఇప్పుడు ఆ పొగరంతా ఈ కాగితంలో మడతపెట్టి, మా ఆరుని దయచేసి వాళ్ళ తొమ్మిదిగా చదువుకోండి మహాప్రభో అని అడుక్కోవడానికి వచ్చి కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆకులకి పంపితే ఇరవై ముగ్గురిలో ఇతనే వచ్చాడు, ఎందుకంటే కమాండరుగా ఉన్న పెద్దాయన రిటైరయ్యాక రెజిమెంటుని చూస్తున్నది ఇతనే, ఆ ఆరుల్లో సగం వేసినదీ ఇతని చెయ్యే.

బల్లకి ఆ చివర కెప్టెన్ కూర్చున్నాడు. రెజిమెంటులో అందరూ అతన్ని లంగరు అంటారు. అర్జీకి సాక్షిగా ఒక అధికారిని వెంట తెచ్చుకోవచ్చంటే మేజరు అతన్నే రమ్మన్నాడు. రమ్మని ఫోను చేస్తే "వస్తాను సార్" అన్నాడు. వచ్చాడు, సెల్యూట్ కొట్టాడు, ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో ముగ్గురు పట్టేంత ఖాళీ. ముప్పై అయిదు నిండలేదు, చెవుల దగ్గర అప్పుడే నెరిసింది, ఈ తెలుపు ఎప్పుడొచ్చింది, పోయినేడు లేదే. అతని కుడిచేతి రెండు వేళ్ళకి గోళ్ళు సరిగా రావు. అది వరద వచ్చిన ఏడాది తగిలిన దెబ్బ. తెల్లవారుతుండగా మొదలుపెట్టి పదకొండింటికల్లా నది మీద పడవలు వరసగా కట్టి పైన పలకలు పరిచి బస్సులు నడిపించారు, ఆసుపత్రిలో రోగులు, మంచాలతో సహా, మూలుగులతో సహా. మూడో పడవ లంగరు తాడు తెగబోతే ఈ కుర్రాడు మెడలోతు నీళ్ళలో దిగి తాడుని ఒంటికి చుట్టుకుని నిలబడ్డాడు. దిగమని ఎవరూ చెప్పలేదు. ఆఖరి బస్సు దాటేదాకా నలభై నిమిషాలు, పెదాలు నల్లబడిపోయి, కళ్ళు మాత్రం ఒడ్డున ఉన్న మేజరు వైపే, ఇంకా ఎంతసేపు సార్ అని కాదు, ఇంకా ఉండగలను సార్ అని. ఆ ఏడాది రిపోర్టు రాయడానికి మేజరు కూర్చున్నాడు. గుండె నిండిపోయి, కలం పట్టుకుని, మార్కు దగ్గర ఆరు అని వేశాడు. పక్కన అభిప్రాయం రాయాల్సిన చోట 'పని చేశాడు' అని రాశాడు. ఆ రెండు మాటల్లో ప్రపంచంలో ఉన్న పొగడ్తంతా పెట్టేశాననుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, మూర్ఖుడు.

ఎవరి ఫైలు వాళ్ళు చూసుకోవచ్చని పోయిన నెల ఉత్తర్వు వచ్చింది. మేజర్లవీ ఆ పైవాళ్ళవీ ఫైళ్ళు నేరుగా కమిటీకి వెళ్ళిపోయాయి, మిగతావాళ్ళవి గుమాస్తా కిటికీ దగ్గర పెట్టాడు. మూడో రోజు సాయంత్రం లంగరు ఇతని గదికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "వరద ఏడాది కూడా ఆరేనా సార్?" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. మేజరు నవ్వబోయి, మన దగ్గర అదే పై మార్కు కదయ్యా, తెలీదా అన్నాడు. లంగరు ఈ రెజిమెంటులో పుట్టి పెరిగినవాడు కాదు, తొమ్మిదేళ్ళ కిందట రెండో రెజిమెంటు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కొత్త కుర్రాళ్ళకి మెస్సులో చెప్పే మాట ఇతనికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఇతను కొత్త కుర్రాడు కాదు, అప్పటికే లెఫ్టినెంటు, తెలిసే ఉంటుందిలే అనుకున్నారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో అల్లుడికి ఎవరు చెబుతారు! ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉప్పు లేకుండా తిన్నాడు ఆ పిల్లవాడు. "నాకెవరూ చెప్పలేదు సార్. అక్కడ మార్కు పైకే చెప్పేవారు, నాకు ఎనిమిదులు ఉండేవి. ఇక్కడికొచ్చిన ఏడాది ఆరు వేశారని ఆఫీసులో గుమాస్తా నోరు జారాడు. మీకు నచ్చలేదనుకున్నాను. తొమ్మిదేళ్ళు ఏడు కోసం పనిచేశాను సార్" అన్నాడు. అని సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు. ఏడు కోసం. అంటే నీళ్ళలో నిలబడ్డ ఆ నలభై నిమిషాలూ మేజరు వైపు చూసింది అందుకా? ఇప్పటికైనా నచ్చానా అని అడగడానికా? ఆ చూపుకి తను ఇంకేదో అర్థం చెప్పుకుని ఇన్నేళ్ళు మురిసిపోయాడే. ఇప్పుడు లేచి వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుని, ఒరేయ్, నీ అంతటివాణ్ణి నేను చూడలేదురా అంటే ఏం పోతుంది? బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు కూడా. "అర్జీలో తొలి పేరు ఎవరిది సార్?" అని తలుపు దగ్గరి బంట్రోతు అడిగాడు, మేజరు చెప్పాడు, బంట్రోతు రాసుకున్నాడు, మేజరు మళ్ళీ కూర్చుండిపోయాడు.

"టీ తాగుతావా?" అన్నాడు మేజరు.

"వద్దు సార్."

వద్దట. తనకీ వద్దు. అసలు అర్జీ ఎవరి కోసం? ఇరవై ముగ్గురి కోసం అని రాశాడు, అది అబద్ధం కాదు, అయినా ఆ ఇరవై ముగ్గురిలో తనూ ఒకడని మనసు మూల నుంచి ఎవరో సన్నగా దగ్గుతున్నారు. ఆరులన్నీ తొమ్మిదులైతే అందరూ సమానం, సమానమైతే వయసులో చిన్నవాళ్ళకి ముందు, ఆ షరతు కూడా ఉంది, నలభై ఏడేళ్ళవాడికి ఏం వస్తుంది, మట్టి. ఏమో, కమిటీకి అనుభవం కావాలనిపించొచ్చు, ఈయన బాగా మాట్లాడాడే, ఈయన్నీ ఉంచుదాం అనొచ్చు. ఆశ ఎంత సిగ్గులేనిది, తలుపు మొహమ్మీద వేసినా కిటికీలోంచి వస్తుంది. రాకపోతే ఏం చెయ్యాలి? తేలే వంతెనలు కట్టడం తప్ప ఇంకేం వచ్చు? నది వెడల్పు కంటితో చూసి చెప్పగలడు, ప్రవాహం ఎంత వడిగా ఉందో గడ్డిపరక వేసి చెప్పగలడు, ఈ విద్యలకి ఏ బజారులో గిరాకీ ఉంది? ఫిరంగుల దళం మేజరు ఒకాయన అప్పుడే ఒక పెద్ద బట్టల దుకాణంలో కాపలావాళ్ళ మీద పెద్దగా చేరాడు. మొన్న కనబడితే, "ఏముందిరా, ఇక్కడా సెల్యూట్లే, కాకపోతే కొట్టేది మనం" అన్నాడు. బావమరిదికి ఫర్నిచరు గోడౌను ఉంది, "రా బావా, నువ్వుంటే నాకు కొండంత ధైర్యం" అంటున్నాడు, ఆ ధైర్యం ఎలాంటిదో మేజరుకి తెలుసు, వచ్చినవాళ్ళందరికీ మా బావ మేజరండీ అని చూపించుకోవడానికి. సోఫాల మధ్య తను. దించండి, జాగ్రత్త, గోడకి తగలకుండా, ఆ మూల ఎత్తండి. బాగానే చేస్తాడు, ఎంతైనా బరువులు ఎత్తించడమేగా. పడవల వేలానికి అసలు వెళ్ళకుండా ఉండాల్సింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా. నలభై పడవల్లో ఎనిమిదింటిని ఒక హోటలాయన కొన్నాడు. పోయిన ఆదివారం కూతురు చెరువు వైపు నడుద్దాం నాన్నా అంటే వెళ్ళాడు, చూస్తే నీళ్ళ మీద అవే పడవలు గులాబీ రంగు వేసుకుని, గొడుగులూ కుర్చీలూ మోస్తూ, పక్కన ఇంకా నంబర్లు కనబడుతున్నాయి, పదమూడు, పద్నాలుగు, పదిహేడు. పదిహేడు కొంచెం ఎడమకి ఒరుగుతుంది, ఎప్పుడూ అంతే, ఎవరూ చెప్పి ఉండరు ఆ హోటలాయనకి. చెబుదామని అడుగు వేస్తే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు నాన్నా, పోదాం" అంది. పదిహేడేళ్ళ పిల్ల తండ్రిని అలా నడిపించుకుపోయింది, ముసలాణ్ణి నడిపించినట్టు.

ఇంట్లో సామాను సగం పెట్టెల్లోకి ఎక్కింది. నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. పెట్టెల మీద అతని పేరూ హోదా తెల్ల రంగుతో ఉన్నాయి, భార్య నిన్న సున్నితంగా అడిగింది, "ఏవండీ, హోదా మీద రంగు పుయ్యమంటారా, అలాగే ఉంచెయ్యనా?" ఉంచు అన్నాడు, తర్వాత పుయ్యి అన్నాడు, తర్వాత నీ ఇష్టం అన్నాడు. ఇస్త్రీ చేసేవాడు యూనిఫారాలు తీసుకుపోతూ, ఇంక ఎన్ని జతలుంటాయి సార్, బొగ్గు తెప్పించుకోవాలి అని లెక్కగా అడిగాడు పాపం, తప్పుగా కాదు. రెండు, అని భార్య లోపలి నుంచి చెప్పింది. ఇవాళ ఒంటి మీదున్నది ఒకటి, జెండా దించే రోజుకి ఒకటి. పొద్దున గుండీలు పెట్టుకుంటుంటే దగ్గరికొచ్చి కాలరు సర్ది, "ఎలా మాట్లాడతారో ఏమో, మీకు ఎవర్నీ మెచ్చుకోవడం రాదు" అంది. నవ్వుతూనే అంది. అర్జీ అంటే మెచ్చుకోవడమే కదా మరి, మా వాళ్ళు ఇంత గొప్పవాళ్ళు అని చెప్పడం, అది తనకి చేతకాని పని. పాతికేళ్ళ కిందట పెళ్ళయిన కొత్తలో ఆమె పాడుతుంటే విని, బాగానే ఉంది అన్నాడు. బాగానే. ఆ నే ఎందుకు పెట్టాడో! ఆ తర్వాత ఆమె పాడటం ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తు లేదు, మానేసిందని మాత్రం ఇప్పుడు, ఈ బల్ల మీద, చేతిలో ఫైలుతో కూర్చుని ఉండగా తెలిసింది. ఇంటికెళ్ళాక అడగాలి. ఏమని అడుగుతాడు? పాతికేళ్ళ తర్వాత ఏమోయ్ బాగుండేది అంటే ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూస్తుంది.

దీనికంతటికీ తనే మూలం, ఆ సంగతి అర్జీలో రాయలేదు. మూడేళ్ళ కిందట ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ముందు ముందు నిర్ణయాలకి మార్కులే ఆధారమవుతాయి, మీ రెజిమెంటులో మరీ తక్కువగా వేస్తున్నారు, సరిచూసుకోండి అని. ఎవరో మంచి మనిషి రాసుంటాడు. దానికి జవాబు రాసే పని మేజరుదే. 'మా రెజిమెంటు మార్కుల కోసం పనిచెయ్యదు' అని ఒకే వాక్యం రాశాడు. రాసి, సంతకానికి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు, పిల్లవాడు బొమ్మ గీసి తండ్రికి చూపించినట్టే, ఇప్పుడు తలచుకుంటే అలాగే ఉంది. పెద్దాయన చదివాడు, కళ్ళజోడు తీశాడు, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "పంపాలంటావా?" అన్నాడు. "పంపాలి సార్" అన్నాడు మేజరు ఛాతీ విరుచుకుని. పెద్దాయన సంతకం పెట్టాడు. ఆ చూపు ఏమిటో అప్పుడు అడగలేదు. ఒక్క మాట, వద్దురా అని ఉంటే! కానీ పెద్దాయన ఒక్క మాట ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇతను కొత్తగా చేరినప్పుడు ఆయన కెప్టెన్, ఇతని మొదటి వంతెన చూసి, "మేకులు ఎక్కువ కొట్టావు" అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళు ఏదో ఒక హోదాలో ఆయన కిందే పనిచేశాడు, ఆ ఇరవై రెండేళ్ళ మాటలూ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. కూతురు పుట్టినప్పుడు, "సెలవు నాలుగు రోజులు చాలా?" అన్నాడు. తల్లి పోయినప్పుడు శ్మశానం గేటు దగ్గర జీపులో కూర్చుని కనబడ్డాడు, దిగలేదు, ఇతను బయటికొచ్చేదాకా వెళ్ళనూ లేదు. రిటైరైన ఏడాదికే జబ్బు చేసి ఆసుపత్రిలో పడ్డాడు. చూడ్డానికి వెళితే మంచం మీద నుంచి ఇతని కాళ్ళ వైపు చూసి, "బూట్లు పాలిష్ లేదు" అన్నాడు. అదే ఆఖరి మాట. వానలో పరుగెత్తుకు వచ్చాను సార్, మీకెలా ఉందోనని వచ్చాను సార్ అని చెప్పలేదు, సారీ సార్ అన్నాడు, మర్నాడు పాలిష్ చేసుకుని వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. నచ్చానా లేదా అని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. లంగరుకి ఉన్న ధైర్యం కూడా తనకి లేదు. తన ఫైలు కమిటీ దగ్గరుందని తెలిసినా చూడాలనిపించలేదు, చూడ్డానికి ఏముంది, ఇరవై రెండు ఆరులు.

"లోపలికి రమ్మంటున్నారు సార్. ముందు మీరొక్కరే" అన్నాడు బంట్రోతు. మేజరు లేచాడు, లంగరు కూడా లేచి నిలబడ్డాడు, అలవాటు. ఒక్క క్షణం ఇద్దరూ ఎదురెదురుగా. చెప్పు, ఇప్పుడైనా చెప్పు. "ఇక్కడే ఉండు" అన్నాడు మేజరు.

కమిటీ అధ్యక్షుడు సైన్యం మనిషి కాదు, ఎప్పుడో జడ్జిగా చేసినాయన. పొట్టిచేతుల చొక్కా, బుగ్గన దగ్గు బిళ్ళ. పక్కన ఇంకో ఇద్దరు, ఒక గుమాస్తా. "కూర్చోండి మేజర్ గారూ. మీ అర్జీ రెండుసార్లు చదివాను. బాగా రాశారు. మీ దగ్గర తొంభై ఏళ్ళుగా ఎవరికీ ఆరు దాటలేదు, కాబట్టి మీ ఆరుని తక్కువగా చూడకూడదంటారు. అంతేగా?"

"అంతే సార్."

"ఎవరికీ అంటే ఎవరికీనా?"

"ఒక్కరికి కూడా లేదు సార్."

అధ్యక్షుడు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఒక ఫైలు తెరిచి మేజరు ముందుకి జరిపాడు. "మరి ఇదేమిటండీ?"

తన పేరు. రెండేళ్ళ కిందటి తేదీ, పెద్దాయన రిటైరవడానికి వారం ముందు. మార్కు దగ్గర తొమ్మిది. అంకెలోనూ అక్షరాల్లోనూ, ఆ నిటారు చేతిరాతలో. పక్కన అభిప్రాయం రాయాల్సిన చోట, ఎప్పుడూ రెండు మాటలు దాటని చోట, ఒక వాక్యం ఉంది. 'ఇతనికి ఇరవై రెండేళ్ళు నేను తక్కువ వేశాను, ఆ తప్పు నాది.' మేజరు చదివాడు. మళ్ళీ చదివాడు. అక్షరాలు అలుక్కుపోతే కళ్ళు గట్టిగా మూసి తెరిచి మళ్ళీ చదివాడు. నీకు తెలుసా సార్, తెలిసే ఉండి, ఆ బూట్ల సంగతి మాట్లాడతావా సార్, చచ్చిపోయే రోజున? సంతోషం ముందు వచ్చింది, పొట్టలోంచి తన్నుకుని, ఏడవ తరగతి పిల్లవాడికి వచ్చేలాంటి సంతోషం, ఉద్యోగం ఉంటుంది, పెట్టెల మీద రంగు పుయ్యక్కర్లేదు, నదులుంటాయి, పడవలుంటాయి. అధ్యక్షుడు మాట్లాడుతున్నాడు. "ఇది ఉంది కాబట్టి మీ ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ ఇది ఉంది కాబట్టే మీ అర్జీ నిలవదు. వెయ్యాలనుకుంటే తొమ్మిది కూడా వేశారన్నమాట. మిగతా ఇరవై ఇద్దరికీ వెయ్యలేదంటే, వాళ్ళు అంతకి తగరనే కదా మేం అనుకోవాలి?"

అందరికీ తలుపు మూసి తన ఒక్కడికే కిటికీ తెరిచి వెళ్ళాడు ముసలాయన. ఎంత ప్రేమ, ఎంత పని చేశావు సార్! బయట బల్ల దగ్గర గోళ్ళు రాని వేళ్ళతో ఒకడు నిలబడి ఉన్నాడు, కూర్చోమని తను చెప్పలేదు, కూర్చుని ఉండడు.

"దీన్ని కొట్టేస్తే అర్జీ నిలుస్తుందా సార్?" అన్నాడు మేజరు.

గుమాస్తా తలెత్తాడు. "మార్కు తక్కువైందని అభ్యంతరం చెప్పినవాళ్ళని చూశాను గానీ, ఎక్కువైందని చెప్పినవాళ్ళని ఇప్పటిదాకా చూళ్ళేదండీ" అన్నాడు.

అధ్యక్షుడు నవ్వలేదు. "నిలుస్తుంది. మీవాళ్ళందర్నీ లెక్కలోకి తీసుకుంటాం. కానీ మీకూ ఆరే మిగులుతుంది. సమానమైనప్పుడు చిన్నవాళ్ళకి ముందు. మీకు రాదు మేజర్ గారూ, ఆలోచించుకోండి."

"తెలుసు సార్."

"ఊరికే కొట్టెయ్యడానికి వీల్లేదు మరి. రూలు చదవయ్యా."

గుమాస్తా చదివాడు. పై అధికారి రాసిన రిపోర్టు రెండు కారణాల మీదే చెల్లకుండా పోతుంది. రాసినప్పుడు ఆయనకి మతి నిలకడగా లేకపోవడం ఒకటి. ఆయన ఇతనికి దగ్గరి బంధువై ఉండటం రెండోది. "మొదటిది తేలికండీ. పెద్ద వయసు, తర్వాత జబ్బు కూడా చేసిందట, ఆయనా లేరు. మతి సరిగా లేదని రాసిస్తే అడిగేవాళ్ళు ఉండరు" అన్నాడు గుమాస్తా, సాయం చేస్తున్నట్టే. కలం మూత తీసి పెట్టాడు. మేజరు ఆ కలం వైపు చూశాడు. నది ఎంత లోతో కాలి మడమతో తట్టి చెప్పే మనిషికి మతి లేదని రాయాలి. జన్మలో ఒక్కసారి నోరు విప్పిన మనిషికి, ఆ విప్పినందుకే పిచ్చి అని రాయాలి. లంగరుకి అన్నం పెట్టాలంటే ఈయన నోట్లో మన్ను కొట్టాలి. వేళ్ళు కలం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి.

"రెండోదే సార్" అన్నాడు. "ఆయన మా నాన్న."

అధ్యక్షుడు ఫైలు మొదటి పేజీకి తిప్పాడు. "ఇక్కడ మీ తండ్రి పేరు వేరే ఉందే. కలప మిల్లులో గుమాస్తా అని ఉంది."

"ఆయన కన్నాయన సార్. నాకు పదహారేళ్ళప్పుడు పోయారు. తర్వాత నన్ను పెంచింది ఈయన."

"కాగితాలేమైనా ఉన్నాయా?"

"లేవు సార్. ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గర ఉన్నాను. ఒక్క రోజు కూడా నన్ను మెచ్చుకోలేదు. పరాయివాళ్ళు అలా ఉంటారా సార్?" కన్నీళ్ళు ఆపుకుందామని చూశాడు, ఆగలేదు. నలభై ఏడేళ్ళ మేజరు యూనిఫారంలో, నలుగురు కొత్తవాళ్ళ ముందు, చేతులు రెండూ మోకాళ్ళ మీద నిటారుగా పెట్టుకునే, ఏడ్చాడు.

దగ్గు బిళ్ళ అధ్యక్షుడి బుగ్గన అలాగే ఆగిపోయింది. ఆయన ఫైలు మూసి గుమాస్తా వైపు జరిపాడు. గుమాస్తా ఒక ఫారం తీసి, తేదీ వేసి, సగంలో ఆగాడు.

"బంధుత్వం అన్నచోట ఏం రాయమంటారండీ?"

"వినబడలేదా? తండ్రి అని రాయి" అన్నాడు అధ్యక్షుడు.

గుమాస్తా రాశాడు. రాసి, ఫారం తిప్పి మేజరు ముందు పెట్టాడు. మేజరు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, సిరా ఆరేదాకా ఆగి, ఆ మాట కింద సంతకం పెట్టాడు.